900 చదరపు అడుగుల మిద్దెకు వాననీటి సంపు ఎంత పరిమాణంలో ఉండాలి?

పల్లెమిద్దె:

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. మా బోరు నీటిని పరీక్ష చేయిస్తే లీటరుకు 2.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నట్టు తేలింది. భారతీయ ప్రమాణం ప్రకారం అది 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. కాచినా ఫ్లోరైడు పోదు కాబట్టి మూడేళ్లుగా తాగడానికీ వంటకూ 20 లీటర్ల క్యాన్లు కొంటున్నాము. స్నానాలకూ బట్టలకూ బోరు నీళ్లే వాడుకుంటున్నాము.

ఇప్పుడు ఇంటి ముందు అరుగు పగలగొట్టి కొత్తగా కట్టించే పని పెట్టుకున్నాము. ఎలాగూ తవ్వకం ఉంటుంది కనుక దాని కిందనే సంపు కట్టించి, మిద్దె మీద పడే వాననీటిని పట్టుకుని ఏడాది పొడవునా తాగడానికి వాడుకోవాలని మా ఆలోచన. మిద్దె కాంక్రీటు స్లాబు, విస్తీర్ణం సరిగ్గా 900 చదరపు అడుగులు. ఇంట్లో ఐదుగురం ఉంటాము. తాగడానికీ వంటకూ రోజుకు ఎన్ని నీళ్లు ఖర్చవుతున్నాయో అమ్మ ఒక వారం పాటు బిందెలతో లెక్కపెట్టింది. సగటున 48 లీటర్లు అని వచ్చింది, 50 అనుకోవచ్చు.

చిక్కంతా సంపు కొలత దగ్గరే వచ్చింది. వానాకాలమంతా నిండుతూనే ఉంటుంది కాబట్టి 5,000 లీటర్లు చాలునని మేస్త్రీ అంటున్నారు. మిద్దె మీద ఏడాదికి 46,000 లీటర్ల వాన పడుతుంది కాబట్టి అంత సంపూ కట్టాల్సిందేనని, ఒక్క చుక్క వదిలినా పాపమేనని మా చిన్నాన్న పట్టుబడుతున్నారు. ఒకరి మాట వింటే వేసవిలో నీళ్లు చాలవేమోనని, మరొకరి మాట వింటే అరుగు కింద డబ్బంతా పూడ్చిపెట్టినట్టు అవుతుందేమోనని అనిపిస్తోంది. ఈ కొలత ఎలా తేల్చుకోవాలో అనుభవం ఉన్నవారు వివరించగలరు.

నీటిలెక్క:

మీ అమ్మగారు బిందెలతో వారం రోజులు లెక్కపెట్టడమే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంగమండీ. నేను గ్రామీణ నీటి పథకాలలో చాలాకాలం పనిచేశాను. సంపు ఎంత ఉండాలని అడిగినవారిలో రోజు వాడకాన్ని కొలిచి వచ్చినవారు నాకు పెద్దగా తారసపడలేదు.

మీ మేస్త్రీ గారు వానాకాలాన్నే చూస్తున్నారు, మీ చిన్నాన్నగారు ఏడాది మొత్తం వానను చూస్తున్నారు. వాన లేని రోజులు ఎన్ని అనే లెక్క ఇద్దరి మాటల్లోనూ లేదు, సంపు కొలతను తేల్చేది మాత్రం అదే. వాన పడుతున్న నెలల్లో వాడుకున్నది వాడుకున్నట్టు నిండుతుంది కాబట్టి చిన్న సంపు కూడా పెద్ద సంపులాగే కనిపిస్తుంది. తేడా బయటపడేది ఫిబ్రవరి తరువాతే.

ముందుగా రాబడి చూద్దాము. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మీ మిద్దె 83.6 చదరపు మీటర్లు. స్లాబు పీల్చుకునేది, ఎండకు ఆవిరయ్యేది, మొదట పారబోసేది తీసివేసి నూటికి 80 వంతులు చేతికి వస్తుందనుకుంటే, ప్రతి మిల్లీమీటరు వానకూ 67 లీటర్లు సంపులోకి చేరతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 552 మిల్లీమీటర్లు. అందులో జూన్‌లో 64, జూలైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118, అక్టోబరులో 111, నవంబరులో 35, డిసెంబరులో 10 మిల్లీమీటర్లు పడతాయి. జనవరి నుంచి మే వరకు పడే కొద్దిపాటి జల్లులను నేను లెక్కలో వేసుకోను. అవి వచ్చిన ఏడాది వస్తాయి, రాని ఏడాది రావు. జూన్ నుంచి డిసెంబరు వరకు మొత్తం 494 మిల్లీమీటర్లు, అంటే మీ సంపులోకి వచ్చేది సుమారు 33,100 లీటర్లు. మీ ఏడాది వాడకం 18,250 లీటర్లు. ఆదాయం ఖర్చుకు దాదాపు రెట్టింపు ఉంది కాబట్టి మిద్దె చాలదన్న బెంగ మీకు అక్కరలేదు.

ఇక వాన లేని రోజులు. సాధారణ సంవత్సరంలో నవంబరు నెల కూడా తన వాడకానికి సరిపడా నీటిని, అంటే 2,345 లీటర్లను తానే తెచ్చుకుంటుంది. డిసెంబరులో 670 లీటర్లు వస్తే 1,550 లీటర్లు ఖర్చవుతాయి, కాబట్టి 880 లోటు. జనవరి నుంచి మే ఆఖరు వరకు 151 రోజులకు 7,550 లీటర్లు కావాలి. రెండూ కలిపితే 8,430 లీటర్లు. అన్నీ సవ్యంగా జరిగే ఏడాదికి ఇంతే చాలు. మీ మేస్త్రీ గారు చెప్పిన 5,000 లీటర్ల సంపు అలాంటి మంచి ఏడాదిలో కూడా మార్చి నెలలోనే అడుగంటుతుంది.

అయితే మన జిల్లాలో అన్నీ సవ్యంగా జరిగే ఏడాదిని నమ్ముకుని కట్టడం కట్టకూడదు. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసి నవంబరు, డిసెంబరు రెండూ ఎండిపోవడం, ఆపైన మృగశిర కార్తెలో రావలసిన తొలకరి జూలై దాకా జరగడం, ఈ రెండూ ఒకే విడతలో వచ్చాయనుకోండి. అప్పుడు నవంబరు 1 నుంచి జూన్ 30 వరకు 242 రోజులు సంపు మీదే బతకాలి. రోజుకు 50 లీటర్ల చొప్పున 12,100 లీటర్లు. వేసవి సెలవులకు ఆడపడుచుల పిల్లలు ముగ్గురు వచ్చి 40 రోజులుంటే మరో 1,200 లీటర్లు. కాబట్టి వాడుకోవడానికి వీలుగా 13,500 లీటర్లు నిలిచే సంపు కట్టుకోండని నా సలహా.

80 వంతుల లెక్క గురించి ఒక మాట. పాత మిద్దెల మీద బీటలు, గుంటలు ఉంటాయి. చిరుజల్లులు మిద్దెను తడిపి ఊరుకుంటాయి. అందుకని 70 వంతులే వస్తుందనుకున్నా మీకు ఏడాదికి 28,900 లీటర్లు వస్తాయి, సంపు కొలత మాత్రం మారదు. ఎందుకంటే ఆ కొలత రోజుల లెక్క నుంచి వచ్చింది. మిద్దె చిన్నదై, వాడకం ఎక్కువై, రెండూ సమానానికి దగ్గరగా ఉన్న ఇళ్లలోనే ఈ వంతుల తేడా మీద తల బద్దలు కొట్టుకోవాలి.

మీ మండలం వర్షపాతం జిల్లా సగటుకు భిన్నంగా ఉండవచ్చు. తహసీల్దారు కార్యాలయంలో వర్షమాపకం లెక్కలు ఉంటాయి. గత పదేళ్ల నెలవారీ అంకెలు రాసుకుని, నేను పైన చేసినట్టే ఒక కాగితం మీద నెల తరువాత నెల రాబడి, ఖర్చు, నిల్వ వేసుకుంటూ వెళ్లండి. ఒక సాయంత్రం పని.

ఎడారిలో తెలుగువాడు:

నేను పుట్టింది కదిరి దగ్గర, ఉద్యోగరీత్యా ఎనిమిదేళ్లుగా రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అయినా పల్లెల్లో ఇంటింటికీ ‘టాంకా’ అనే గుండ్రటి భూగర్భ తొట్టి కట్టుకుని, దాని చుట్టూ నేలను వాలుగా చదును చేసి, ఆ నేల మీద పడిన నీటినే తాగుతారు. ఇక్కడి పెద్దలు తొట్టిని ఒక ఏడాది కోసం కట్టరు. మంచి ఏడాది మిగిలిన నీరు చెడ్డ ఏడాదికి పనికి రావాలన్నది వారి పద్ధతి.

నీటిలెక్క గారి లెక్కను నేను తప్పుపట్టడం లేదు. కానీ వారి లెక్క ప్రకారమే సాధారణ ఏడాదిలో మీ మిద్దె నుంచి 14,000 లీటర్లకు పైగా వృథాగా పొర్లిపోతుంది. అనంతపురం వంటి చోట కరువు ఒంటరిగా రాదు, తోబుట్టువును వెంటబెట్టుకుని వస్తుంది. వాన సగమే పడిన ఏడాది 13,500 లీటర్ల సంపు అసలు నిండుతుందా? నిండకపోతే మళ్లీ క్యాన్లే కొనాలి కదా. 46,000 లీటర్లన్నది అతి అని ఒప్పుకుంటాను, కానీ 25,000 నుంచి 30,000 లీటర్ల మధ్య కట్టుకుంటే ఒక ఏడాది నీరు మరో ఏడాదికి మిగులుతుంది. తవ్వకం ఎలాగూ జరుగుతోంది, కూలీలు ఎలాగూ వస్తున్నారు. తరువాత పెంచాలంటే కుదరని పని ఇది.

పల్లెమిద్దె:

ఇద్దరికీ కృతజ్ఞతలు. సగం వాన పడే ఏడాది గురించి అడిగిన ప్రశ్న నన్ను కూడా వేధిస్తోంది. 2018లో మా ఊళ్లో చెరువులోకి చుక్క నీరు రాలేదు. దీనితోపాటు మరో సందేహం ఉంది. ఎలాగూ నీరు పొర్లిపోతుందంటున్నారు కనుక, పెద్ద సంపే కట్టి స్నానాలకూ వాడుకోవచ్చు కదా అని చిన్నాన్న అడుగుతున్నారు.

నీటిలెక్క:

ముందు చిన్నాన్నగారి ప్రశ్నకు జవాబిస్తాను, అది సులువు. జల్ జీవన్ మిషన్ కింద ఒక మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. అన్ని అవసరాలకూ కలిపి మీ ఐదుగురికి అది రోజుకు 275 లీటర్లు, ఏడాదికి లక్ష లీటర్లు దాటుతుంది. మీ మిద్దె ఇచ్చేది అందులో మూడో వంతు. ఎంత పెద్ద సంపు కట్టినా మిద్దె ఇవ్వని నీరు దానిలోకి రాదు. ఒంటికి పోసుకునే నీటిలో ఫ్లోరైడు ఉన్నా ఇబ్బంది లేదు కనుక స్నానాలకు బోరు నీళ్లనే ఉంచండి. వానాకాలంలో సంపు నిండి పొర్లుతున్న రోజుల్లో ఆ నీటినే బట్టలకు పట్టుకోవచ్చు, మిగిలినదాన్ని బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లించవచ్చు.

ఇక సగం వాన సంగతి. బాడ్‌మేర్ నుంచి రాసిన మిత్రులు అడిగినది సరైన ప్రశ్న, నేను మొదటే ఆ లెక్క కూడా రాసి ఉండవలసింది. చేతికి వచ్చేది 70 వంతులే అనుకుని గట్టిగా లెక్క వేద్దాము. సగం వాన అంటే జూన్ నుంచి డిసెంబరు వరకు 247 మిల్లీమీటర్లు, 14,450 లీటర్లు. అందులో జూన్ నుంచి అక్టోబరు వరకు వాడుకునే 7,650 పోగా 6,800 మిగులుతాయి. నవంబరు నుంచి మే ఆఖరుకు 212 రోజులు. అంటే రోజుకు 32 లీటర్లు మాత్రమే, 50 కావలసిన ఇంటికి అది ఇరకాటమే. కరువు ఏడాది మొదలయ్యేనాటికి ఖాళీగా ఉన్న సంపు 8,500 లీటర్లదైనా 30,000 లీటర్లదైనా జరిగేది ఇదే.

కానీ జూన్ 1 నాటికి సంపు ఖాళీగా ఉంటుందా అన్నదే అసలు విషయం. 13,500 లీటర్ల సంపు సాధారణ ఏడాదిలో నవంబరు ఆఖరుకు నిండుగా ఉంటుంది. మే ఆఖరు వరకు 8,430 లీటర్లు ఖర్చయితే 5,070 లీటర్లు మిగులుతాయి. మరుసటి ఏడాది సగం వానే పడినా ఈ 5,070కి ఆ 6,800 కలిసి 11,870 లీటర్లు అవుతాయి. 212 రోజులకు 50 లీటర్ల చొప్పున కావలసింది 10,600. అంటే ఒక కరువు ఏడాదిని మీరు క్యాను కొనకుండా దాటగలరు, ఆపైన 1,270 లీటర్లు ఇంకా అడుగున ఉంటాయి. వరుసగా రెండో ఏడాది కూడా సగమే పడితే రోజుకు 38 లీటర్లకు దిగాలి. బియ్యం, పప్పు కడగడానికి బోరు నీళ్లు వాడి, ఆఖరి కడుగుకూ ఎసరుకూ మాత్రమే వాననీళ్లు పోస్తే 38 లీటర్లతో ఐదుగురు గడుపుకోవచ్చు.

మిత్రులు చెప్పిన 30,000 లీటర్ల సంపు ఉపయోగపడేది ఆ రెండో కరువు ఏడాదిలోనే. ఆ భద్రత కోసం రెట్టింపు తవ్వకం, రెట్టింపుకు దగ్గరగా ఖర్చు పెట్టాలా అన్నది మీ ఇంటి స్థోమతను బట్టి ఉంటుంది. బాడ్‌మేర్‌లో టాంకా ఎండితే ట్యాంకరు కోసం మైళ్ల దూరం చూడాలి. మీకు క్యాన్ల బండి వీధిలోకే వస్తోంది. నేనైతే ఆ డబ్బుతో మిద్దె మీద బీటలు పూడ్పించి, వాటం సరిచేయిస్తాను.

ఎడారిలో తెలుగువాడు:

జూన్ 1 నాటి మిగులును బట్టి చూడాలన్న మాట ఒప్పుకుంటున్నాను, నేను ఆ కోణంలో లెక్క వేయలేదు. అయినా రెండో కరువు ఏడాదిని క్యాన్ల బండికి వదిలేయడం నా మనసుకు పట్టడం లేదు. 18,000 దగ్గర కలుసుకుందామంటారా?

రెండోసారి సంపు కట్టినవాడు:

లెక్కలన్నీ చదివాను. నేను మదనపల్లె దగ్గర ఇలాంటి సంపునే రెండుసార్లు కట్టించాను, మొదటిది తప్పుగా కట్టించాను కాబట్టి. పైవారు చెప్పిన 13,500 లీటర్లు వాడుకోవడానికి దొరకాలంటే కట్టవలసిన కొలత వేరుగా ఉంటుంది. నా మొదటి సంపు కాగితం మీద 12,000 లీటర్లు. పొర్లుగొట్టాన్ని మేస్త్రీ పైకప్పుకు అడుగు కింద పెట్టారు, మోటారు పీల్చే గొట్టం అడుగునుంచి తొమ్మిది అంగుళాల ఎత్తులో ఆగింది. పైన అడుగు మేర నీరు ఎప్పుడూ నిలవలేదు, కింద తొమ్మిది అంగుళాల నీరు ఎప్పుడూ పైకి రాలేదు. ఈ రెండింటి మధ్య నాకు మిగిలింది ఎనిమిదిన్నర వేలు. శివరాత్రి దాటిన కొద్ది రోజులకే మోటారు గాలి పీల్చడం మొదలుపెట్టింది.

మీకు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు సరిపోతుంది. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున అది 15,850 లీటర్లు. పైన ఆరంగుళాలు పొర్లుగొట్టానికీ, కింద ఆరంగుళాలు మట్టి పేరుకోవడానికీ వదిలేస్తే మధ్యలో 6 అడుగుల నీరు, 13,600 లీటర్లు నికరంగా దొరుకుతాయి. ఈ సంపులో ప్రతి అంగుళం ఎత్తూ 190 లీటర్లు, అంటే మీ ఇంటికి దాదాపు నాలుగు రోజుల నీరు. గొట్టాలు పెట్టే రోజున మీరు దగ్గరుండి టేపు పెట్టి కొలవండి.

మరో మాట, సంపును మధ్యలో గోడతో రెండు గదులుగా చేయించండి. కడగవలసి వచ్చినప్పుడు ఒక గదిని వాడుతూ మరొకటి ఖాళీ చేయవచ్చు, ఒక గది నీరు పాడైనా రెండోది నిలుస్తుంది. అయితే ఒకవైపు నిండుగా, మరోవైపు ఖాళీగా ఉన్నప్పుడు ఆ గోడ మీద నీటి ఒత్తిడి మొత్తం పడుతుంది కాబట్టి నాలుగంగుళాల ఇటుక గోడ నిలవదు, ఆరంగుళాల కాంక్రీటు గోడే వేయాలి. ఆ గోడ 800 లీటర్ల చోటు తింటుంది, అందుకని పొడవును పదిన్నర అడుగులకు పెంచుకోండి.

తొలి జల్లుల్లో మిద్దె మీది దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకొస్తాయి. మొదటి రెండు మిల్లీమీటర్ల వాన, మీ మిద్దెకు సుమారు 170 లీటర్లు, సంపులోకి రాకుండా పక్కకు పోవాలి. దీనికి నిలువు గొట్టం ఒక్కటి చాలదు, నాలుగంగుళాల గొట్టంలో మీటరుకు ఎనిమిది లీటర్లే పడతాయి. నేను 200 లీటర్ల డ్రమ్ము పెట్టాను, అది నిండిన తరువాతే నీరు ఇసుక, కంకర వడపోతలోకి దారి తీస్తుంది. డ్రమ్ము అడుగున చిన్న చిల్లు ఉంటే రేపటికల్లా తనంతట తానే ఖాళీ అవుతుంది. సంపు మూత వెలుతురు చొరనంత బిగుతుగా ఉండాలి, పొర్లుగొట్టం మూతికి సన్నని జాలీ కట్టాలి. డెంగీ దోమకు అలాంటి నిలవనీళ్లే ఇష్టం. మరుగుదొడ్డి గుంతకు ఎంత దూరంగా కడితే అంత మంచిది.

నీటిలెక్క:

గది గోడ గురించీ గొట్టాల ఎత్తుల గురించీ చెప్పినది అక్షరాలా నిజం. 18,000 లీటర్ల ప్రతిపాదనకు నా అభ్యంతరమేమీ లేదు, స్థలమూ డబ్బూ ఉంటే పొడవు మరో మూడు అడుగుల మూడు అంగుళాలు పెంచండి. లోతును మాత్రం ఏడడుగులు దాటించకండి. లోతు పెరిగేకొద్దీ గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది, దిగి కడగడమూ కష్టమవుతుంది.

కట్టిన తరువాత సంపులో ఒక కొలకర్ర ఉంచుకోండి. సంక్రాంతి నుంచి మృగశిర కార్తె వరకు 144 రోజులు, అంటే 7,200 లీటర్లు. పదిన్నర అడుగుల సంపులో గోడ మందం పోను అది మోటారు గొట్టం పైన 38 అంగుళాల నీరు, అడుగున వదిలిన ఆరంగుళాలు కలిపితే కర్ర మీద 44 అంగుళాలు. సంక్రాంతి నాడు కర్ర అంతకన్నా తక్కువ చూపితే ఆ రోజు నుంచే పొదుపు మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో తెలుసుకుంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

పల్లెమిద్దె:

మొత్తం చర్చను ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. పదిన్నర అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు, మధ్యలో కాంక్రీటు గోడ అని తేల్చుకున్నాము. పొడవు ఇంకా పెంచితే సంపు వేపచెట్టు వేర్ల మీదకు వెళుతోంది కాబట్టి 18,000 ఆలోచన మానుకున్నాము. పొర్లే నీటిని ఇంకుడు గుంతలోకి పంపుతామన్న తరువాత చిన్నాన్న కొంత మెత్తబడ్డారు. మేస్త్రీ గారు మాత్రం గొట్టాల ఎత్తులను గోడ మీద బొగ్గుతో రాసి ఇమ్మన్నారు, రాసి ఇచ్చాను.

కొలకర్ర సంగతి వినగానే అమ్మ అటక మీది పాత వెదురు కర్రను దింపించింది. 44 అంగుళాల దగ్గర ఎర్ర గీత వేయాలట, దాని పక్కన సంక్రాంతి అని కూడా రాయాలట. సోమవారం తవ్వకం మొదలవుతుంది.